పందెపు కార్ల గృహనిర్మాణము

కర్మాగారమునుండి వెలువడిన మోటారు కారునో, పాతసామాను దుకాణములలో దొరకిన దాని భాగములనో గ్రహించి, ఇంటి పెరటిలోనో చిన్న షెడ్డులోనో స్వహస్తములతో విప్పి, కోసి, అతికి, బరువు తగ్గించి, ఇంజను శక్తిని హెచ్చించి, మూలరూపముకంటె వేగముగను స్థిరముగను పరుగెత్తునట్లు తిరిగి కూర్చు విద్యయే పందెపు కార్ల గృహనిర్మాణము. పాత ఫోర్డు కార్లను ఈ విధముగా మార్చి అమెరికా యువకులు నడపిన బండ్లు హాట్ రాడ్లని ప్రసిద్ధి కెక్కినవి. ఈ విద్యకు నిర్మాణము, మరమ్మతు, ట్యూనింగు అని మూడంగములు గలవు. చట్రమును, చక్రముల అమరికను, ఇంజనును సమకూర్చుట నిర్మాణము. అరిగినదానిని, విరిగినదానిని పూర్వస్థితికి తెచ్చుట మరమ్మతు. సరిగానే నడచుచున్న యంత్రమునుండి అంతకంటె మేలైన పనిని రాబట్టుట ట్యూనింగు.

దేశదేశముల చరిత్రను పరికించినచో ఈ విద్య ఎచ్చటను ఖరీదైన కారునుండి పుట్టలేదనియు, ఆయా దేశమున ఆయా కాలమున అన్నిటికంటె చౌకగా, విస్తారముగా దొరకిన కారునుండియే పుట్టినదనియు తెలియును. పరుగెత్తుటకు చోటున్న తావున నది శాస్త్రముగా నెదిగినది. చోటు లేని తావున ఆ హస్తకౌశలమే వేరు దారులు త్రొక్కినది. తెలుగువారి అనుభవము ఈ రెండింటికిని నిదర్శనము.

పుట్టుక, వ్యాప్తి

1908 మొదలు 1927 వరకు ఫోర్డు కంపెనీ కోటిన్నర మోడల్-టీ కార్లను తయారుచేసినందున, 1930 ప్రాంతమునకు అమెరికాలో పాత ఫోర్డు కారు సామాన్య కుటుంబములోని కుర్రవానికిని అందుబాటులోనికి వచ్చెను. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్ నగరమునకు ఈశాన్యమున ఎండిపోయిన చెరువులు కొన్ని గలవు. వాని అడుగున గట్టిపడిన బంకమట్టి నేల మైళ్ల పొడవున సమతలముగా నుండుటచే, అడ్డము, ఎదురు లేక కారును దాని శక్తి యున్నంత దూరము తోలుటకు వీలుండెను. మ్యూరాక్ మొదలగు ఈ ఎండుచెరువులలో యువకులు మడ్‌గార్డులను, పైకప్పులను ఊడదీసిన బండ్లతో వేగపరీక్షలు జరిపిరి. ఆ పరీక్షలను క్రమబద్ధము చేయుటకు 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ స్థాపితమైనది. 1932లో ఫోర్డు కంపెనీ సుమారు 3.6 లీటర్ల ఘనపరిమాణమును 65 అశ్వశక్తియు గల వి-8 ఇంజనును సామాన్యుల కారులో నమర్చి విక్రయించుటతో, ఎనిమిది సిలిండర్ల శక్తి మొదటిసారిగా చౌకబేరమైనది. ఆ ఇంజను చిరకాలము హాట్ రాడ్లకు ప్రాణమై నిలిచెను.

రెండవ ప్రపంచ యుద్ధమున యంత్రముల పనిలో ఆరితేరి తిరిగివచ్చిన సైనికులవలన ఈ వ్యాసంగము దేశమంతట వ్యాపించినది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక వెలువడెను. 1949లో యూటా రాష్ట్రమందలి బాన్‌విల్ ఉప్పుమైదానముపై వేగవారము ప్రారంభమయ్యెను. వీథులలో జరుగుచున్న ప్రమాదకరములైన పోటీలను పావుమైలు తిన్నని మార్గముపైకి మరల్చవలెనను తలంపుతో 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను నెలకొల్పెను.

ఇంగ్లండులో ఫోర్డు స్థానమును ఆస్టిన్ సెవెన్ ఆక్రమించినది. 1922 మొదలు 1939 వరకు తయారైన ఈ చిన్నకారు ఇంజను 747 ఘన సెంటీమీటర్లది. దీనిని నమ్ముకొనిన ఔత్సాహికులు 1939లో 750 మోటార్ క్లబ్ నేర్పరచుకొనిరి. కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరింగు విద్యార్థి పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి 1948లో నిర్మించుకొనిన బండియే లోటస్ కార్లలో మొదటిది. 1946లో జాన్ కూపర్, తన తండ్రి గరాజులో, రెండు ఫియట్ చిన్నకార్ల ముందుభాగములను తెచ్చి, ఒకదానిని ముందును, ఒకదానిని వెనుకను అతికి, 500 ఘన సెంటీమీటర్ల మోటారు సైకిలు ఇంజనును చోదకుని వెనుక నమర్చెను. గొలుసుతో వెనుక చక్రములను త్రిప్పుట సులభమను సౌకర్యముకొరకు చేసిన ఈ ఏర్పాటే, 1959, 1960 సంవత్సరములలో జాక్ బ్రాభమ్ కూపర్ కారుతో ప్రపంచ విజేత యగునప్పటికి, పందెపు కార్ల రూపమునే మార్చివేసినది. నాటినుండి నేటివరకు ఫార్ములా వన్ కారులో ఇంజను చోదకుని వెనుకనే యుండుటకు మూలము ఆ చిన్న గరాజులోని అవసరము.

భారతదేశమున

స్వాతంత్ర్యానంతరము విదేశీ కార్ల దిగుమతిపై గట్టి ఆంక్షలుండుటచే మనదేశమున దొరకు కార్లు బహు స్వల్పము. మారిస్ ఆక్స్‌ఫర్డు నుండి రూపొందిన అంబాసిడర్, ఫియట్ 1100 నుండి వచ్చి తరువాత ప్రీమియర్ పద్మినిగా పేరొందిన కారు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఈ మూడే పందెపు కారునకు ముడిసరకులు. వీనిలో హెరాల్డునకు చట్రము వేరుగను బాడీ వేరుగను నుండుటచే, బాడీని ఎత్తి ప్రక్కన బెట్టి చట్రముపై తన కిష్టమైన రూపమును నిలుపుకొనుటకు నిర్మాతకు వీలుండెను. 1953లో స్థాపితమైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, నగరమునకు ఉత్తరమున షోలవరము గ్రామమువద్ద రెండవ ప్రపంచ యుద్ధకాలమున వేసిన విమానముల రన్‌వేపై పందెములు జరిపెను. దక్షిణాది నలుమూలలనుండి షెడ్లలో కూర్చిన బండ్లు ఆ పందెములకు తరలివచ్చెడివి. 1971లో ఇట్టి మోటారు క్రీడల క్లబ్బులకు దేశవ్యాప్త సమాఖ్య ఏర్పడినది. 1990లో శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత పందెపు మార్గము సిద్ధమైనది.

ఈ చరిత్రలో కోయంబత్తూరు తెలుగువారిది విశిష్ట స్థానము. తరతరముల క్రిందట కొంగునాట స్థిరపడి, ఇంట తెలుగు మాటాడు నాయుడు కుటుంబములు ఆ నగరమున ప్రత్తి మిల్లులను, పంపుల కర్మాగారములను, పోతపని కొలుములను నెలకొల్పినవి. 1893లో కలంగల్ గ్రామమున జన్మించిన జి. డి. నాయుడు యౌవనమున ఒక దొరవద్ద చూచిన మోటారు సైకిలుపై మక్కువపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్యను తనకు తానే నేర్చుకొనెను. 1920లో ఒక్క బస్సుతో రవాణా వ్యాపారము నారంభించి, 1937లో దేశమున మొదటి విద్యుత్ మోటారు తయారీకి తోడ్పడి, 1952లో రెండువేల రూపాయలకు అమ్మదగిన ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారును రూపొందించెను. ప్రభుత్వానుమతి లభింపకపోవుటచే దాని ఉత్పత్తి సాగలేదు.

లక్ష్మీ మిల్లుల స్థాపకుడగు కుప్పుస్వామి నాయుడు వంశమున 1954లో జన్మించిన ఎస్. కరివర్ధన్ ఈ విద్యను ఔత్సాహికుల స్థాయినుండి క్రీడాస్థాయికి తెచ్చిన వ్యక్తి. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 కొలది సంవత్సరములలో దేశమంతట నిండిపోగా, దాని ఇంజనును, గేరు బాక్సును గొట్టపు చట్రమున కమర్చి, చక్రములు బయటికి కానవచ్చు ఏకాసన పందెపు కారును 1988 ప్రాంతమున ఆయన రూపొందించెను. ఫార్ములా మారుతి యని పేరుపడిన ఈ కారుతో, అంతవరకు ధనికులకే పరిమితమైయుండిన ఏకాసన పందెములు మధ్యతరగతి యువకులకును అందినవి. విడిభాగము విరిగినచో పొరుగు వీథిలోని దుకాణముననే దొరకుట దీనికి గల గొప్ప బలము. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొనిన తొలి భారతీయుడగు నరైన్ కార్తికేయన్ తొలి పందెమును ఈ ఫార్ములా మారుతిలోనే నడపెను. కరివర్ధన్ 1995లో గగనయాన ప్రమాదమున మరణించెను. ఆయన పేరిట చెట్టిపాళయమున 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే 2003లో ప్రారంభమైనది. కాలిఫోర్నియాకు ఫోర్డు, ఇంగ్లండునకు ఆస్టిన్ ఎట్టివో భారతదేశమునకు మారుతి 800 అట్టిదైనది.

తెలుగునాట

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో యంత్రకౌశలమునకు ఏనాడును కొరత లేదు. 1966లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలు కట్టుటలోను, పాత ఇంజనులకు మరల జీవము పోయుటలోను దేశమంతట పేరు గడించినది. సికింద్రాబాదు రాణిగంజులోను, హైదరాబాదు పుత్లీబౌలి, గౌలిగూడలలోను విడిభాగముల దుకాణములు బారులు తీరియున్నవి. కాని షోలవరమువలె ఏటేట నియతముగా కార్ల పందెములు జరుగు శాశ్వత మార్గము ఇరువదవ శతాబ్దమున తెలుగు నేలపై వెలయలేదు. అందుచేత పందెములపై మనసుపడిన తెలుగు యువకులు మద్రాసుకో, కోయంబత్తూరుకో పోయిరి. ఇంటనున్న కౌశలము వేరు రూపములు ధరించెను.

అట్టి రూపములలో మిక్కిలి ప్రసిద్ధమైనది హైదరాబాదునకు చెందిన కన్యాబోయిన సుధాకర్ కృషి. పాఠశాల విద్యార్థిగా నుండినప్పుడే తుక్కుసామానుతో బండ్లు కట్టనారంభించిన ఈయన వంకాయ, క్రికెట్ బ్యాటు, బూటు, బర్గర్, కెమెరా, స్నూకర్ బల్ల మున్నగు వింత ఆకారములతో నిజముగా నడచు కార్లను నిర్మించి, 2010లో నెహ్రూ జంతుప్రదర్శనశాల చేరువ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియమున ప్రదర్శనకు పెట్టెను. 2005 జూలై 1న ఆయన హైదరాబాదులో నడపిన త్రిచక్రిక ఎత్తు 12.67 మీటర్లు, చక్రముల వ్యాసము 5.18 మీటర్లు, ప్రపంచమున అతి పెద్ద మూడుచక్రముల సైకిలుగా అది గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఈ కార్లలో వేగము అప్రధానము. అయినను చిన్న చట్రముపై ఇంజనును నిలుపుట, ఆకారమునకు లోబడి స్టీరింగును, పెడల్లను, పెట్రోలు ట్యాంకును ఇరికించుట, రేకును చేతితో కొట్టి వంపులు తీర్చుట అనునవి పందెపు కారు నిర్మాతకు వలసిన నేర్పులే.

వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా స్థాపితమై, నేడు జాతీయ సాంకేతిక సంస్థగా నున్న విద్యాలయము మొదలుకొని పలు తెలుగు ఇంజనీరింగు కళాశాలలలో విద్యార్థులు స్వయముగా బండ్లు రూపొందించుచున్నారు. విద్యార్థులు నిర్మించిన బండ్లకై 2007లో పీథంపూరు పరీక్షా మార్గమున ప్రారంభమైన బాజా పోటీలు ఇందుకు ప్రేరకములు. ఈ పోటీలలో అందరికిని ఒకే విధమైన చిన్న ఇంజను నియమింపబడుటచే, గెలుపోటములు చట్రము బరువుమీదను, గతుకులను తట్టుకొను సస్పెన్షనుమీదను, రాత్రివేళ విరిగినదానిని తెల్లవారులోపల అతుకగల నేర్పుమీదను ఆధారపడును.

జనగామనుండి సూర్యాపేటకు పోవు రహదారిపై నున్న దేవరుప్పుల మండల కేంద్రమునకు పందెపు కారు నిర్మించిన ఖ్యాతి లేదు. కాని ఈ విద్యకు మూలమగు షెడ్డు పని జనగామ, పాలకుర్తి, దేవరుప్పుల ప్రాంతముల బ్రతుకులో విడదీయరాని భాగము. దుక్కుల కాలము రాగానే ట్రాక్టరును షెడ్డునకు తెచ్చిన రైతు, “ఇంజను బోరుకచ్చింది”, “మిస్సింగు కొడుతున్నది”, “పికప్పు లేదు” అని చెప్పిన మూడు మాటలలోనే రోగలక్షణము తెలియును. ఉస్తాదు పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజను దిమ్మెపై నొకచోట నానించి, పిడిని చెవికి తాకించి వినును. ఒక్కొక్క సిలిండరువద్దను, ఒక్కొక్క బేరింగువద్దను మొనను మార్చుచు, టాపెట్ల టకటకను పిస్టను పిన్ను చప్పుడునుండి వేరుపరచును. బోరు వేయుట, క్రాంకు గ్రైండింగు వంటి పనులు పెద్ద ఊళ్లలోని లేతు షాపులకు పోవును. తక్కిన విప్పుట, బిగించుట షెడ్డుముందరి వేపచెట్టు నీడనే జరుగును. పాత లారీ ఇరుసుతో ట్రాలీని, పనికిరాని కమాను పట్టాలతో సేద్యపు పనిముట్లను తీర్చు ఈ చేతులకు పందెపు కారు అసాధ్యము కాదు. లోపించినది పరుగెత్తు చోటు మాత్రమే.

నిర్మాణ విధానము

నిర్మాణము చట్రముతో నారంభమగును. రెండు పొడవు దూలములను అడ్డపట్టీలతో కలిపిన నిచ్చెన చట్రము కట్టుట సులభము, కాని మెలికకు లొంగును. సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా కూర్చిన గొట్టపు చట్రము తక్కువ బరువుతో ఎక్కువ బిగువు నిచ్చును. నలుచదరపు కూర్పు మూలలవద్ద ఒరిగిపోవును గాని, కర్ణముగా నొక గొట్టము నతికినచో గొట్టము సాగిననే తప్ప కూర్పు ఒరుగదు. సమతలమైన ఇనుప బల్లపై గొట్టములను నిలిపి, రెండు కర్ణములును సమానముగా నున్నవో లేవో దారముతో కొలిచి, మొదట చుక్కలుగా ట్యాకులు వేసి, పిమ్మట ఒకమారు కుడిప్రక్కను, ఒకమారు ఎడమప్రక్కను వెల్డింగు చేయవలెను. ఒకే ప్రక్కనుండి వరుసగా అతికినచో వేడిమి లాగుడునకు చట్రము వంకరపోవును; వంకర చట్రముపై ఎంతటి ఇంజను నిలిపినను కారు తిన్నగా పోదు.

బరువును తగ్గించుట చవుకగా దొరకు అశ్వశక్తి. మారుతి 800 కారు బరువు సుమారు 650 కిలోలు, ఇంజను శక్తి సుమారు 37 అశ్వశక్తులు అనుకొన్నచో, టన్నుకు 57 అశ్వశక్తులు వచ్చును. వెనుక సీట్లు, తివాచీలు, లోపలి అట్టలు, గాజులు తీసివేసి, తేలిక భాగములతో 150 కిలోలు తగ్గించినచో, ఇంజనును తాకకయే ఆ సంఖ్య 74కు పెరుగును. బరువు తగ్గింపకయే అంత ఫలితము పొందవలెనన్న పదునొకండు అశ్వశక్తులను అదనముగా పుట్టింపవలసి వచ్చును. అట్లు పుట్టించిన శక్తి తిన్నని మార్గముపై మాత్రమే అక్కరకు వచ్చును, బరువు తగ్గుదలయో బ్రేకు వేయునప్పుడును, మలుపు తిరుగునప్పుడును సహాయపడును.

చక్రముల అమరికకు దారము, కొలబద్ద చాలును. కారు ఇరుప్రక్కల చక్రముల మధ్యభాగపు ఎత్తున రెండు దారములను సమాంతరముగా బిగించి, ప్రతి చక్రపు అంచు ముందు, వెనుక దారమునుండి ఎంత దూరమున నున్నదో కొలిచిన, చక్రములు లోపలికి చూచుచున్నవో బయటికి చూచుచున్నవో తెలియును. నాలుగు చక్రముల క్రిందను నాలుగు తూనికయంత్రము లుంచి, చోదకుని కూర్చుండబెట్టి తూచినచో, ఏ చక్రముపై ఎంత బరువు పడుచున్నదో బయల్పడును. స్ప్రింగు సీట్లను త్రిప్పి ఎదురెదురు మూలల బరువులను సరిచేసిననే కారు కుడి ఎడమ మలుపులలో ఒకే తీరున తిరుగును.

ఇంజను మరమ్మతు

పందెపు ఇంజనునకు పునాది లోపములేని ఇంజను. బోరు అరిగినచో లేతు షాపులో పెంచి, తగిన పిస్టనులను వేయవలెను. క్రొత్త రింగును పిస్టనునకు తొడుగుటకు ముందు బోరులోనికి దింపి, పిస్టను తలతో సమముగా నెట్టి, దాని రెండు కొనల మధ్య ఎడమును ఫీలరు గేజితో చూడవలెను. బోరు వ్యాసమున ప్రతి 25 మిల్లీమీటర్లకు సుమారు పదవవంతు మిల్లీమీటరు ఎడముండుట వాడుక; అనగా 68.5 మిల్లీమీటర్ల బోరునకు 0.27 మిల్లీమీటరు. ఎడము చాలనిచో వేడికి వ్యాకోచించిన రింగు కొనలు ఒరసికొని బోరును గీరి ఇంజను పట్టివేయును. అది ఎక్కువైనచో మండిన వాయువు క్రిందికి జారి శక్తి నశించును. వాల్వులను వాని పీటలపై గ్రైండింగు పేస్టుతో రుద్ది, పోసిన పెట్రోలు చుక్కయు కారకుండ చూడవలెను. పిస్టనులను, కనెక్టింగు రాడ్లను సూక్ష్మమగు త్రాసులో తూచి, అన్నిటికంటె తేలికయైనదానికి సమానమగునట్లు తక్కినవానిని ఆకురాయితో తగ్గించినచో, నిమిషమునకు ఆరువేల చుట్లు తిరుగునపుడు పుట్టు అదురు చాలవరకు శమించును. హెడ్డు బోల్టులను నడిమినుండి అంచులకు క్రమముగా, రెండు మూడు విడతలలో, టార్కు రెంచితో బిగించుట నియమము.

ట్యూనింగు

ఇంజను శక్తిని పెంచుటకు గల ప్రథమోపాయము కంప్రెషను నిష్పత్తిని పెంచుట. దీనికి లెక్క అవసరము. మారుతి 800 ఇంజను బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72 మిల్లీమీటర్లు. కనుక ఒక్కొక్క సిలిండరు 265 ఘన సెంటీమీటర్లు, మూడును కలసి 796. నిష్పత్తి 8.7 అనుకొన్నచో, పిస్టను పైకొనకు చేరినపుడు మిగులు చోటు 34.5 ఘన సెంటీమీటర్లు. దానిని 9.7కు తేవలెనన్న ఆ చోటు 30.5కు తగ్గవలెను, అనగా నాలుగు ఘన సెంటీమీటర్లు హరింపవలెను. హెడ్డును తలక్రిందులుగా నుంచి, గ్రీజు పూసిన గాజుపలకను మూసి, దాని రంధ్రము గుండ బ్యూరెట్టుతో నూనె పోసి గదుల పరిమాణమును నిర్ణయించిన పిమ్మట, హెడ్డు ముఖమును చెక్కించుదురు. గది బోరంత వెడల్పైనచో మిల్లీమీటరుకు కొంచెము పైబడిన చెక్కుడు సరిపోవును. గది అంతకంటె ఇరుకైనచో మరికొంత చెక్కవలెను. కొలువక చెక్కించినవాడు వాల్వు పిస్టనుకు తగిలి వంగినపుడు గాని తన పొరపాటును గుర్తింపడు.

కార్బురేటరును సరిచేయుట ట్యూనింగులో అతి సున్నితమైన భాగము. బరువునుబట్టి చూచినచో ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు సుమారు 14.7 పాళ్లు గాలి వలయును. గరిష్ఠ శక్తికి పన్నెండున్నర, పదమూడు పాళ్లు మేలు. కొలుచు పరికరములు లేనివారికి స్పార్కు ప్లగ్గే పరికరము. కారును నిండు యాక్సిలరేటరుతో కొంతదూరము పరుగెత్తించి, ఒక్కసారిగా క్లచ్చు నొక్కి ఇగ్నిషను ఆపి, బండి నిలిచిన వెంటనే ప్లగ్గు విప్పి చూడవలెను. దాని పింగాణి లేత బిస్కట్టు రంగున నున్నచో మిశ్రమము సరియైనది; నల్లని పొడిమసి యున్నచో పెట్రోలు ఎక్కువ; తెల్లగా పాలిపోయి, బొబ్బలవంటి చుక్కలున్నచో గాలి ఎక్కువ. ఈ మూడవ స్థితి పిస్టను తలను కరగించునట్టిది కనుక నిర్మాతలు మొదట పెద్ద పెట్రోలు జెట్టుతో నారంభించి క్రమముగా చిన్నదానికి దిగుదురు. ఇగ్నిషను టైమింగును ముందునకు జరుపునపుడును ఇట్టి జాగరూకతయే వలయును. బండి బరువు లాగునపుడు ఇంజనులో చప్పుడు వినవచ్చినచో టైమింగును వెనుకకు తేవలెను.

తెలంగాణ వేసవి ఈ పనికి విశేషముగా అడ్డు తగులును. ఇరువది డిగ్రీల గాలికంటె నలువదియైదు డిగ్రీల గాలి ఎనిమిది శాతము పలుచన. ఆ మేరకు పెట్రోలును తగ్గించుకొను నేర్పు సామాన్య కార్బురేటరుకు లేదు గనుక మిశ్రమము చిక్కనై, శక్తి మందగించును. డిసెంబరు ఉదయమున కుదిరిన జెట్టు మే మధ్యాహ్నమున కుదరకపోవుట ఇందువలననే. పెట్రోలు గొట్టము సైలెన్సరు చేరువనుండి పోవునెడల ఇంధనము ఆవిరియై దారిలోనే ఆగిపోవును. దానిని దూరముగా మరల్చి, ఇంజనునకు చల్లని గాలిని బయటినుండి రప్పించుట అన్ని మార్పులకంటె చౌకయైనది.

జాగ్రత్తలు, చట్టము

వేగమును పెంచినవాడు నిలుపుదలను అంతకుముందే పెంచవలెను. బ్రేకు నూనెను మార్చక, డ్రమ్ములను పరీక్షింపక ఇంజనుపై చేయి వేయుట అవివేకము. చోదకుని తలపై నుండు రక్షణచట్రమునకు అతుకులేని ఉక్కు గొట్టమునే వాడవలెను. నీళ్ల పంపులకు వాడు జింకు పూత గొట్టము దెబ్బకు నిలువదు, వెల్డింగు వేళ విషధూమమును వెలువరించును. పెట్రోలు ట్యాంకునకును చోదకునకును మధ్య లోహపు గోడ యుండవలెను. జాకీపై నిలిపిన కారు క్రిందికి దూరరాదు. స్టాండులను పెట్టి, ఒకమారు ఊపి చూచిన పిమ్మటనే పనిలోనికి దిగవలెను.

మోటారు వాహనముల చట్టము 1988లోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మూల వివరణనుండి భేదించునట్లు వాహనమును మార్చుట నిషిద్ధము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును దృఢపరచినది. అధికారుల అనుమతి లేక పబ్లిక్ స్థలమున పందెము నడపుట 189వ సెక్షను ప్రకారము నేరము. కావున ఇంట కూర్చిన పందెపు కారును వీథిలో నడపుటకు వీలులేదు. దానిని లారీపైనో ట్రాలీపైనో పందెపు మార్గమునకు చేర్చి, అచ్చటనే నడపవలెను. యాభై ఏండ్లు నిండి, మూలరూపమున మార్పులేని కార్లకు 2021లో ప్రత్యేక వింటేజి రిజిస్ట్రేషను ఏర్పడినది. అది రక్షించువారికే గాని మార్చువారికి కాదు. అనుమతి పొందిన కిట్టుతో పాత కారును విద్యుత్ వాహనముగా మార్చుకొనుటకు మాత్రము దారి గలదు.

నేటి స్థితి

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీథి మార్గముపై ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల ప్రపంచ పందెము జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు జాన్-ఎరిక్ వేర్న్ విజేత యయ్యెను. తెలుగు నగరమున జరిగిన ఈ పందెము లక్షలమందికి ఆ క్రీడను పరిచయము చేసినది, కాని పందెము ముగియగానే గోడలు తొలగింపబడి వీథి మరల వీథియే యైనది. ఇంట బండి కూర్చినవానికి ఇట్టి మార్గమువలన ప్రయోజనము స్వల్పము. ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థలు వచ్చుటచే జెట్టు స్థానమున కంప్యూటరు పట్టికలును, ప్లగ్గు పరీక్ష స్థానమున ఆక్సిజన్ సెన్సారును వచ్చినవి. విద్యుత్ బండ్లలో బ్యాటరీ చల్లదనమే ప్రధాన సమస్య యైనది. అయినను చట్రమును తిన్నగా అతుకుట, బరువును తగ్గించుట, కొలిచిన పిమ్మటనే కోయుట మారలేదు.

ఎండుచెరువులు కాలిఫోర్నియాకును, పాడుబడిన రన్‌వే షోలవరమునకును చేసిన మేలును తలచినచో, ఈ విద్య తెలుగునాట వేరూనుటకు వలసినది ఏదో తెలియును. జిల్లాకొక వాడుకలేని రన్‌వేయో, సెలవు దినములలో తెరచియుంచు చిన్న మార్గమో, కాలమును కొలుచు గడియారమును, అంబులెన్సును, బండిని పరీక్షించి అనుమతించు ఒక ఇంజనీరును ఉన్నచో, జనగామ రహదారిపై ట్రాక్టరు ఇంజనును చెవితో పరీక్షించు ఉస్తాదులే దీనికి మొదటి గురువులు కాగలరు. వేగము కోరు యువకులును రాత్రివేళ పబ్లిక్ రోడ్లపై ప్రాణములొడ్డవలసిన అగత్యము తప్పును.